నర్జిస్ పార్కు తాళం

బీర్ లౌజ్,
4 మార్చి 2013

అన్నయ్యా,

నువ్వూ వదినా కులాసా అనుకుంటాను. ఇంట్లో ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని వదిన నవ్వుతుందేమో, నవ్వనీ. ఫోన్లో మనిద్దరం మూడో మాటకే పోట్లాడుకుంటాం. కాయితం మీదైతే చివరిదాకా చెప్పనిస్తావు.

ఎమ్నా సంగతి రాయమన్నావు. నవంబర్లో తుంటికి ఆపరేషన్ అయిందా, జనవరిలో సిమెంటు కట్టు విప్పారా, ఇప్పుడు కాలికి తోలు పట్టీలూ ఇనప కమ్మీలూ వేశారు. "ఇక నా పని అయిపోయింది, మిగతాది పార్కులో జరగాలి" అన్నాడు డాక్టరు. మెట్లెక్కాలట, దిగాలట, ఉయ్యాల ఊగాలట. వాళ్ళమ్మ రీమ్ పొద్దున్నే కేబుళ్ళ ఫ్యాక్టరీకి పోతుంది. అల్లుడు ఎడారిలో చమురు బావుల దగ్గర. కాబట్టి పార్కు వెతికే ఉద్యోగం అమ్మమ్మది.

మూడు వారాలు తిరిగాను. స్టేషను వెనక పార్కులో ఉయ్యాలకి గొలుసులున్నాయి, పలక లేదు. కింద గాజు పెంకులు. స్కూలు పక్కన ఉన్న జారుడుబల్ల నడుమ తుప్పు తినేసి నా గుప్పెడంత కన్నం. సంత రోజున దాని మీద తివాచీలు ఆరేస్తారు. మసీదు వీధి పార్కులో కాఫీ హోటలువాడు కుర్చీలు వేసేశాడు. మగాళ్ళు పేకాడుకుంటూ, పిల్లలొస్తే పార్కులో మీకేం పనన్నట్టు చూస్తారు.

చివరికి దొరికింది. రైలు కట్ట పక్కన నర్జిస్ అపార్టుమెంట్ల వెనక. గేటు బార్లా తెరిచి ఉంది. కింద మెత్తటి రబ్బరు పరిచారు. జారుడుబల్లకి వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీలు. ఉయ్యాలకి నడుం పట్టీ కూడా ఉంది! ఐదు రోజులుగా వెళ్తున్నాం. నిన్న ఎమ్నా నా చెయ్యి వదిలేసి తనంతట తనే మూడు మెట్లెక్కింది. "అమ్మమ్మా, ఏడుస్తున్నావా?" అంది. దుమ్ము పడిందన్నాను.

నువ్వు ఇక్కడ సర్వేయరుగా ఉన్న రోజుల్లో అక్కడ ఏముండేది? నాకు బాదం తోటలు తప్ప ఏమీ గుర్తులేదు.

మోకాలు నొప్పికి వదిన పంపిన నూనె అయిపోయింది.

నీ చెల్లెలు
దలెండా


గాబెస్,
13 మార్చి

చెల్లీ,

ఎమ్నా మూడు మెట్లెక్కిందని మీ వదినకి చదివి వినిపిస్తే దిష్టి తీసినట్టు గాలిలోనే చెయ్యి తిప్పింది. నూనె పంపుతున్నాం. ఇక్కడ దానిమ్మలు చిగురేస్తున్నాయి. ఫ్యాక్టరీ పొగ ఈసారి మా వైపే కొడుతోంది, ఆకుల మీద మసి తుడవలేక చస్తున్నాను.

నువ్వు చెప్పిన పార్కు యూకలిప్టస్ చెట్ల వరసకి ఇవతలా, అవతలా? ఒక మురుగు కాలవ ఉండాలి, దానికి ఏ పక్క? ఊరికే అడుగుతున్నాను. ఆ స్థలం ఆ భవనాలవాళ్ళ సొంతం కావచ్చు. పాపకి అలవాటు చెయ్యకు. సముద్రం పక్కనే ఉందిగా, ఇసకలో నడిపించరాదూ?

మీ అన్నయ్య
మొంజీ


బీర్ లౌజ్,
21 మార్చి

అన్నయ్యా,

ఇసకలో కాలు కూరుకుపోతే మళ్ళీ ఆపరేషనే అని డాక్టరు చెప్పాడు. నీకు తెలియదులే. ఇప్పుడు ఆ సంగతి కాదు రాయాల్సింది.

సోమవారం ఎమ్నా నాలుగో మెట్టు మీదుంది. గేటులోంచి ఒకతను వచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో తాళాల గుత్తి. ఫౌజీ అని, నర్జిస్ నివాసుల సంఘానికి అధ్యక్షుడట.

"ఏమ్మా, మీది ఏ ఫ్లాటు?"

"ఏ ఫ్లాటూ కాదు బాబూ. అవతలి వీధి. పాపని మెట్లెక్కించమని డాక్టరు చెప్పాడు."

"డాక్టరు చెబితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇది మా పార్కు."

"ఒక్క గంట. ఎవరికీ అడ్డం రాదు."

అప్పుడన్నాడు, అన్నయ్యా. పదిమంది తల్లుల ముందు, గొంతైనా తగ్గించకుండా అన్నాడు: "ఆ ఇనప కమ్మీలూ ఆ కుంటడమూ చూసి మా పిల్లలు బెదిరిపోతున్నారమ్మా. చూడ్డానికి కాస్త బాగుండాలి కదా."

అని, ఎమ్నా చంకల్లో చేతులు పెట్టి ఎత్తి, కూరగాయల సంచీ దింపినట్టు గేటు బయట దింపాడు. తాళం వేశాడు. అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

అప్పట్నించీ ఇంటి మెట్లు కూడా ఎక్కనంటోంది. రీమ్ రోజంతా పని చేసొచ్చి దాన్ని మూడో అంతస్తుకి మోస్తోంది. నిన్న అద్దం ముందు నిలబడి, "నన్ను చూస్తే భయమేస్తుందా అమ్మమ్మా?" అని అడిగింది.

నాకు అరవై మూడేళ్ళు. ఇంతవరకూ ఎవరి చెడూ కోరలేదు. ఇప్పుడు కోరుతున్నాను. ఆ తాళం వాడిచేతే తీయిస్తాను. అదే పదిమంది ముందు, వాడి చేతులు వణుకుతూ ఉండగా తీయిస్తాను. అది చూసేదాకా నాకు అన్నం సయించదు.

స్టేషను దగ్గర పుదీనా అమ్మే జొహ్రా ఒక మాట చెప్పింది. "అది ఊరందరి పిల్లలకీ అని రాసిపెట్టిన స్థలమే. బోర్డు కూడా ఉండేది. నేను మడి వేసుకుంది అక్కడే" అంది. నువ్వు ఆ రోజుల్లో ఇక్కడి పటాలన్నీ గీసినవాడివి. నీ దగ్గర పాత పటం ఉండే ఉంటుంది. పంపు. వెంటనే పంపు.

దలెండా


గాబెస్,
30 మార్చి

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడి చేతులు విరగ.

కానీ నా దగ్గర పటాలేవీ లేవు. రిటైరైనప్పుడు కొన్ని ఇచ్చేశాను, మిగతావి చెదలు తిన్నాయి. ఉన్నా పాత కాయితాలు ఎవరు చూస్తారు? అలాంటివాళ్ళతో పెట్టుకోకు. ఆ ఫౌజీ మేనమామ కూడా ఇంతే, ఎంత దూరమైనా వెళ్ళే రకం. నువ్వు ఒంటరిదానివి.

ఎమ్నా కోసం ఆలివ్ చెక్కతో చిన్న నిచ్చెన చేశాను. ఐదు మెట్లు, రెండు పక్కలా కమ్మీలు, గీసుకోకుండా నునుపు పట్టాను. బాడుగ కారువాడితో పంపుతున్నాను. ఇంట్లోనే ఎక్కిద్దువుగాని. ఎవరి గడపా తొక్కనక్కర్లేదు.

కోపం తగ్గించుకో. నీకు రక్తపోటు ఉంది.

మొంజీ


బీర్ లౌజ్,
11 ఏప్రిల్

మొంజీకి,

నిచ్చెన అందింది. అదే కారులో తిప్పి పంపాను. నా మనవరాలు ఇంట్లో దాక్కుని మెట్లెక్కనక్కర్లేదు. దాక్కోవాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

నువ్వు పిరికివాడివని అనుకున్నాను ముందు. ఇప్పుడు అంతకంటే పెద్ద అనుమానం వచ్చింది. శనివారం రొట్టెల కొట్టు దగ్గర ఫౌజీ ఎదురుపడ్డాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, "మీ అన్నయ్య మొంజీగారు కులాసానా? గాబెస్‌లోనే కదూ? చాలా మర్యాదస్తులు. ఆయన్నే అడిగి చూడండమ్మా, ఈ గొడవ ఎక్కడ తేలుతుందో" అన్నాడు.

నీ పేరు వాడికెలా తెలుసు? నువ్వు వాడికి రాశావు. మా చెల్లెలికి కోపమెక్కువ, పట్టించుకోవద్దని రాసి ఉంటావు. చిన్నప్పుడూ అంతే, నన్ను కొట్టిన పక్కింటి పిల్ల దగ్గరికి వెళ్ళి నువ్వే క్షమాపణ చెప్పొచ్చావు.

అయితే విను, వాడికి మళ్ళీ రాసేటప్పుడు పనికొస్తుంది. రోజూ మధ్యాహ్నం నమాజు కాగానే ప్లాస్టిక్ కుర్చీ పట్టుకెళ్ళి నర్జిస్ గేటు ఎదురుగా వేసుకుంటున్నాను. పక్కన ఎమ్నా. అట్టముక్క మీద వాడి మాటే పెద్దక్షరాలతో రాశాను: "చూడ్డానికి కాస్త బాగుండాలి కదా — ఫౌజీ". కింద: "నా పేరు ఎమ్నా. నాకు ఆరేళ్ళు." అంతే. ఎవర్నీ తిట్టడం లేదు. కారులో ప్రతిసారీ అది చదువుకుంటూ లోపలికి పోవాలి వాడు. మొదటి వారం హారన్ కొట్టాడు. రెండో వారం వెనక దారిన పోయాడు. కుర్చీ వెనక దారికి మార్చాను.

అక్కడి ఆడవాళ్ళే ఇప్పుడు నాకు కాఫీ తెచ్చిస్తున్నారు. "పిన్నిగారూ, మా పిల్లలెవరూ బెదరలేదండీ, ఆయనే కల్పించాడు" అని ఒకమ్మాయి చెవిలో చెప్పింది. "అయితే ఆ మాట కాయితం మీద పెట్టమ్మా" అన్నాను. పెట్టింది. ఇప్పటికి నూట నలభై సంతకాలు. మున్సిపాలిటీలో ఫిర్యాదు ఇచ్చాను, పాత పటాలు తీసి చూడమని. రెండేళ్ళ కిందట, విప్లవానికి ముందైతే ఆ గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. ఇప్పుడు కాలం మారింది. భయపడే వంతు వాళ్ళది.

దలెండా


గాబెస్,
19 ఏప్రిల్

దలెండా,

నేను ఎవరికీ రాయలేదు. అమ్మ మీద ఒట్టు.

కుర్చీ వేసుకో, అట్ట పట్టుకో, వాడి ముఖాన ఉమ్మెయ్. నీ పక్కనే ఉంటాను. కానీ ఆ పటాల జోలికి పోకు. ఫిర్యాదులో ఆ ఒక్క మాట తీసెయ్. ఎందుకని అడక్కు. పెద్దవాడిగా ఎప్పుడూ నిన్ను ఏదీ అడగలేదు, ఇదొక్కటీ అడుగుతున్నాను.

మొంజీ


బీర్ లౌజ్,
7 మే

మొంజీ,

ఎందుకో తెలిసింది.

నిన్న నన్ను ఆఫీసుకి పిలిచారు. గుమాస్తా కుర్రది, రెండు పటాలు బల్ల మీద పరిచింది. మొదటిది 1984. రైలు కట్ట పక్కన ఆకుపచ్చ రంగు ముక్క, "పిల్లల ఉద్యానం, ప్రజలది" అని ఉంది. రెండోది 1986. ఆకుపచ్చ ముక్క అలాగే ఉంది, నర్జిస్ గోడ గీత మాత్రం దాని అవతలికి జరిగింది. కింద సర్వేయరు సంతకం.

ఆ అమ్మాయి పేరు చదవబోయింది. అక్కర్లేదన్నాను. నాన్నకి చదువు రాక నా బడి పుస్తకాల మీద ఎనిమిదేళ్ళు నువ్వే సంతకం పెట్టావు. నిద్రలో చూపించినా గుర్తుపడతాను.

"ఈ సర్వేయరు మీకు తెలుసా అమ్మా?" అంది.

అన్నయ్యా, ఆ కుర్చీలో కూర్చున్న ఒక్క నిమిషం నీకు తెలియాలి. తెలియదంటే అయిపోయేది. పాత ఫైలు, ఎవరో సర్వేయరు, బతికున్నాడో లేడో అని మూసేసేవాళ్ళు. నీ పరువు దక్కేది. నా నోట్లో ఆ మాట తయారుగా ఉంది కూడా. అప్పుడు నువ్వు పంపిన నిచ్చెన కళ్ళముందుకొచ్చింది. నా మనవరాలి పార్కు నువ్వే గోడ లోపలికి తోసేసి, ఇప్పుడు దానికి బదులు నిచ్చెన చేసి పంపుతావా? నునుపు పట్టి మరీ!

"తెలుసు. గాబెస్‌లో ఉన్నాడు. అడ్రసు రాసుకో తల్లీ" అన్నాను. ఇంటి నంబరు కూడా చెప్పాను.

ఒక మనిషి మీద పగ పట్టి బయల్దేరితే ఇద్దరు దొరికారు. రెండోవాడివి నువ్వైనందుకు తగ్గిస్తానని అనుకోకు. ఫౌజీ పరాయివాడు, వాడి మీద ఉన్నది ఉత్త కోపం. నీ మీద ఉన్నదానికి ఇంకా పేరు దొరకలేదు.

జవాబు రాయకపోయినా పర్వాలేదు.

దలెండా


గాబెస్,
18 మే

చెల్లీ,

రాయాలి. చదవకుండా చింపేసినా సరే.

నర్జిస్ కట్టింది ఫౌజీ మేనమామ. పెద్ద కాంట్రాక్టరు, పైవాళ్ళతో తిరిగేవాడు. నా పేరు ఫౌజీకి తెలిసింది ఆయన దగ్గరే. ఒకరోజు మా ఆఫీసరు నన్ను పిలిచి, గీత పన్నెండు మీటర్లు జరపమన్నాడు. కుదరదన్నాను. నెల తర్వాత మళ్ళీ పిలిచాడు. ఈసారి బల్ల మీద రెండు కాయితాలున్నాయి. ఒకటి ఆ పటం. రెండోది నాకు గాబెస్ బదిలీ ఉత్తర్వు.

అప్పుడు గాబెస్‌లో అమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది. నువ్వు పురిటికి సిద్ధంగా ఉన్నావు. బదిలీ కోసం నాలుగేళ్ళుగా అర్జీలు పెడుతున్నాను. రెండు కాయితాల మీదా సంతకం పెట్టాను. ఒక్క కలంతోనే. అమ్మకి ఆఖరి మూడేళ్ళూ స్నానం చేయించింది నేనే. "మొంజీకి దేవుడిచ్చిన బదిలీ" అని నువ్వే ఊరంతా చెప్పావు. విన్న ప్రతిసారీ చచ్చిపోయేవాణ్ణి.

అది తప్పు కాదని చెప్పడానికి రాయడం లేదు. ఒక ఖాళీ స్థలమే కదా అనుకున్నాను. అందులో ఎక్కబోయే పిల్లలు అప్పటికి పుట్టలేదు. పుట్టనివాళ్ళ దగ్గర దొంగిలిస్తే ఎవరికీ తెలియదనుకున్నాను.

పోయిన మంగళవారం మీ ఊరొచ్చాను. నీకు చెప్పలేదు. వాంగ్మూలం ఇచ్చాను. మున్సిపాలిటీ పంపిన కొత్త ఇంజనీరు వెంట నడిచి, పాత హద్దు గుంజలు ఎక్కడ పాతానో చూపించాను. రెండు గుంజలు భూమిలోనే ఉన్నాయి. ఫౌజీ గోడ దగ్గరికొచ్చి, "మీ పరువు కూడా పోతుందండీ మొంజీగారూ" అన్నాడు. "అది ఎనభయ్యారులోనే పోయింది బాబూ, ఇప్పుడు చెప్పడానికొచ్చాను" అన్నాను.

వెళ్ళేటప్పుడు వీధి అవతల నుంచి మీ ఇద్దర్నీ చూశాను. నువ్వు కుర్చీలో, అది నీ ఒళ్ళో నారింజ ఒలుచుకుంటూ. రోడ్డు దాటలేకపోయాను.

మొంజీ


బీర్ లౌజ్,
20 జూన్

మొంజీకి,

నిన్న తీయించాను.

ఉత్తర్వు వచ్చింది. ఇద్దరు అధికారులు, ఒక పోలీసు వచ్చారు. గొలుసు కోసే రంపం కూడా తెచ్చారు. "రంపం వద్దు నాయనా, తాళంచెవులు ఆయన దగ్గరే ఉన్నాయి" అన్నాను. ఫౌజీని పిలిపించారు. నూట యాభైమంది ఉంటారు, బాల్కనీల్లో కూడా జనమే. వాడి గుత్తిలో ఇరవై తాళంచెవులున్నాయి. మొదటిది పట్టలేదు. రెండోది పట్టలేదు. చేతులు వణికాయి, అన్నయ్యా, నేను కోరుకున్నట్టే. నేను పక్కనే నిలబడి అందరికీ వినబడేలా అన్నాను: "నింపాదిగా తియ్యండి ఫౌజీగారూ. చూడ్డానికి బాగుంది."

నూట యాభైమందీ నవ్వారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. పగ తీరితే చేదుగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకు. నాకు తేనెలా ఉంది. ఇంటికొచ్చి, మూడు నెలల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాను.

పిల్లలంతా బిలబిలా పరిగెత్తారు. ఎమ్నా మాత్రం కదల్లేదు. మెట్ల దాకా తీసుకెళ్ళాను. నా పావడా పట్టుకుని, ఫౌజీ ఇంకా నిలబడ్డాడా వెళ్ళాడా అని చూస్తోంది. "ఎక్కు తల్లీ" అంటే, "ముసలాళ్ళు వచ్చి దింపేస్తారు" అంది. ఈరోజూ అదే మాట. బెంచీ మీద పేపరు చదువుకుంటున్న ఎవరో పెద్దాయన్ని చూసి కూడా నా వెనక దాక్కుంది.

కాబట్టి నీ శిక్ష చెప్తున్నాను. ఇది క్షమాపణ కాదు, పొరపడకు. నువ్వు కూడా ముసలాడివే. ఇక్కడికి రా. ఆ మెట్ల కింద నిలబడు. రోజూ ఎండ వాలినప్పట్నించీ పొద్దుగూకేదాకా. బెంచీ మీద కూర్చోవడానికి వీల్లేదు. దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. అది తనంతట తను ఎక్కేదాకా నిలబడు. పార్కు ఇన్నేళ్ళు ఆ గోడ లోపల ఎందుకుందని ఏ తల్లి అడిగినా, నిజమే చెప్పాలి. ఇంట్లో నీకు మంచముంటుంది, భోజనముంటుంది. నా మాట మాత్రం ఉండదు.

దలెండా


బీర్ లౌజ్,
16 జూలై

అన్నయ్యా,

తొమ్మిది రోజులు ఒకే ఇంట్లో ఉండి నీతో ఒక్క మాటా ఆడలేదు. రంజాన్ ఉపవాసాలు మొదలవుతాయని నువ్వు బండెక్కేటప్పుడు కూడా గుమ్మం దాకా రాలేదు. కిటికీలోంచి చూశాను, నువ్వు వెనక్కి తిరిగి చూస్తావేమోనని పక్కకి తప్పుకున్నాను. మాటల్లో రానిది రాస్తే వస్తుందేమోనని కూర్చున్నాను.

నిన్ను నిలబెట్టి చూడ్డం నాకు బాగానే ఉంది. అబద్ధమెందుకు? నీ కాళ్ళు వాచాయి. రీమ్, "మామయ్యకి కుర్చీ వెయ్యనా అమ్మా?" అని ఏడ్చింది. వద్దన్నాను. జొహ్రా పుదీనా కట్ట నీ ముఖం ముందు ఆడిస్తూ, "నా మడి తొక్కి గుంజ పీకింది నువ్వేనటయ్యా?" అని అడిగింది. "నేనేనమ్మా" అన్నావు. ఒకావిడ పిల్లాడికి నిన్ను చూపించి ఏదో చెప్పింది. ఆమెకీ "నేనే" అన్నావు. రోజుకి ఎన్ని "నేనే"లో లెక్కపెట్టబోయి నాలుగో రోజుకి ఆపేశాను. ఐదో రోజు ఎమ్నా నీకు రెండడుగుల దూరంలోకి వచ్చింది. ఏడో రోజు నీ చేతులకేసే చూస్తూ కూర్చుంది. నువ్వు ఆ చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నావు. దానికేమీ చెప్పలేదు, నవ్వలేదు, మిఠాయి చూపించలేదు. అలా చేసి ఉంటే ఆ రోజే పంపేసేదాన్ని.

తొమ్మిదో రోజు అది ఎక్కడం నువ్వూ చూశావు. ఏడు మెట్లు. ప్రతి మెట్టుకీ ఆగి నీ చేతులు చూసుకుంటూ ఎక్కింది. పైకెళ్ళి నీకేసి తిరిగి ఏదో అరిచింది. సరిగ్గా అప్పుడే రాజధానికి పోయే రైలు దడదడమని వెళ్ళింది. నీకు వినపడలేదు. నావైపు చూసి, ఏమందని కళ్ళతోనే అడిగావు. నేను అటు పక్కనున్నాను, నాకు స్పష్టంగా వినబడింది. నీకు చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. ఆ ఒక్కటీ నా దగ్గరే ఉంచుకుంటే చాలు, బతికినంతకాలం నీకు శిక్ష అనుకున్నాను.

వారం రోజులు ఉంచుకున్నాను. ఇక నావల్ల కావడం లేదు, తీసుకో.

"తాతా, నువ్వు చేతులు విప్పుకో! నేను దిగేటప్పుడు పట్టుకుందువుగాని!" అంది.

నువ్వేమో చేతులు వెనకే కట్టుకుని నిలబడిపోయావు. అది పైన కాసేపు చూసి, తనే దిగిపోయింది.

పండగ కాగానే రా.

దలెండా